40 కోట్ల ఆవు వెనకున్న పటం

2025లో బ్రెజిల్ పేరు మన ఫోన్లలో రెండుసార్లు గట్టిగా వినిపించింది. ఏడాది మొదట్లో, మన ఒంగోలు జాతి ఆవు అక్కడ 40 కోట్ల రూపాయలు పలికిందన్న వార్త. ఏడాది చివర్లో, అమెజాన్ ముఖద్వారం దగ్గరున్న బెలెం నగరంలో ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సు, దాని వెంటే అడవిని పశువుల పెంపకం మింగేస్తోందన్న కథనాలు. మొదటి వార్తకు మీసం తిప్పాం, రెండోదానికి అయ్యో అనుకున్నాం. రెండు వార్తల్లోనూ ఉన్నది ఒకే జాతి పశువన్న సంగతి మాత్రం పెద్దగా ఎవరి దృష్టికీ రాలేదు. నరికి కాల్చిన అమెజాన్ నేల ఫొటోలు ఈసారి కాస్త ఆగి చూడండి. మాడిన మొద్దుల మధ్య మేస్తున్న పశువులకు తెల్లటి ఒళ్లు, ఎత్తయిన మూపురం, వేలాడే గంగడోలు. ప్రకాశం జిల్లా వాళ్లకైతే తమ దొడ్లో పశువులే అక్కడికి నడిచి వెళ్లాయా అనిపిస్తుంది.

నిజానికి ఓడెక్కి వెళ్లాయి. అవి వెళ్లాకే ఆ ఖండంలో పశువుల మేపు చల్లటి దక్షిణం నుంచి వేడి ఉత్తరానికి జరగడం సాధ్యమైంది. అమెజాన్ గొడవ అర్థం కావాలంటే ఈ జరుగుడు ఎలా సాగిందో ముందు చూడాలి.

40 కోట్లు ఎవరూ కట్టలేదు

ముందు ఆ ధర సంగతి. ఆవు పేరు వియాటినా-19. 2023లో సావో పాలో రాష్ట్రంలోని అరండు అనే ఊళ్లో జరిగిన వేలంలో అమ్మింది ఆవును కాదు, ఆవులో మూడో వంతు వాటాను. ఆ వాటా దాదాపు 70 లక్షల రియల్స్ పలికింది. రియల్ అంటే బ్రెజిల్ కరెన్సీ. మూడో వంతు 70 లక్షలైతే మొత్తం ఆవు విలువ 2 కోట్ల 10 లక్షల రియల్స్ అని లెక్కగట్టారు. డాలర్లలో 43 లక్షల పైచిలుకు, అప్పటి మారకం ప్రకారం రూపాయల్లో సుమారు 35 కోట్లు. మన గ్రూపుల దాకా వచ్చేసరికి 40 అయింది. గిన్నిస్ వాళ్లు ప్రపంచంలోకెల్లా ఖరీదైన ఆవుగా రాసుకున్నదీ ఈ లెక్కతోనే.

మరి ఆ వాటా కొని ఏం చేసుకుంటారు? పాలు పిండరు, మాంసానికీ అమ్మరు. దాని అండాలు తీసి ల్యాబ్‌లో ఫలదీకరణ చేసి, ఆ పిండాలను మామూలు ఆవుల గర్భంలో పెడతారు. ఒక్క ఆవు నుంచి ఏడాదికి ఎన్నో దూడలు తీయొచ్చు. వియాటినా పూర్తి పేరులో ‘ఎఫ్ఐవీ’ అన్న మూడక్షరాలున్నాయి. అదీ అలాగే టెస్ట్‌ట్యూబ్ పద్ధతిలో పుట్టిందని చెప్పే గుర్తవి. బరువు 1,100 కిలోలు, మామూలు నెలోర్ ఆవుకు ఇంచుమించు రెట్టింపు. నెలోర్ అంటే ఒంగోలు జాతికి బ్రెజిల్‌లో ఉన్న పేరు.

రోజువారీ మార్కెట్లో అమ్ముడయ్యే నెలోర్ గొడ్డు లెక్క వేరు. అక్కడ బేరం ‘అరోబా’ల్లో నడుస్తుంది. ఒక అరోబా అంటే కోసి శుభ్రం చేశాక 15 కిలోల మాంసం, ఎముకతో సహా. 540 కిలోల కోడె కబేళాకు వెళితే అందులో సగానికి కాస్త ఎక్కువ, అంటే 290 కిలోల దాకా తేలుతుంది. దాన్ని 15తో భాగిస్తే 19 అరోబాల పైన. పోర్చుగీసులో ఈ అరోబాకు వాడే గుర్తు మనం ఈమెయిల్ అడ్రసులో కొట్టే @. బ్రెజిల్ పశువుల ధరల పట్టికలు చూస్తే ప్రతి వరసలోనూ ఆ @ కనిపిస్తుంది, మొదటిసారి చూసినవాళ్లు ఎవరిదో మెయిల్ ఐడీ అనుకుంటారు.

నెల్లూరు పేరు ఎందుకు అంటుకుంది

1868లో ఇంగ్లండ్ వెళ్తున్న ఒక ఓడ బ్రెజిల్ తీరంలోని సాల్వడార్‌లో ఆగింది. అందులో ఒక ఒంగోలు జత ఉంది. అక్కడే అమ్మేశారు. పదేళ్ల తర్వాత, 1878లో, రియో డి జనీరో ప్రాంతపు రైతు మనోయెల్ లెంగ్రూబర్ జర్మనీ వెళ్లినప్పుడు హాంబర్గ్ జూలో ఇవే పశువులను చూసి ముచ్చటపడి కొనుక్కొచ్చాడు. అప్పట్లో ఒంగోలు తాలూకా మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఉండేది. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. కాబట్టి ఓడ కాగితాల్లో ‘నెల్లూరు’ అనే పడింది, బ్రెజిల్ నోట్లో అది ‘నెలోర్’ అయింది.

ఈ దిగుమతులు ఊహించని చోట ఒక గొడవ తెచ్చిపెట్టాయి. 1920లో భారత్ నుంచి బ్రెజిల్‌కు వెళ్తున్న పశువులు దారిలో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవులో ఆగాయి. వాటితోపాటు రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి కూడా దిగింది. యూరప్ బెంబేలెత్తింది. ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ 1924లో పుట్టింది ఆ దెబ్బకే. భారత పశువుల మీద బ్రెజిల్ కూడా తలుపులు వేసింది. తర్వాత చెప్పుకోదగ్గ చివరి దిగుమతి 1960ల మొదట్లో జరిగింది. ఆ పశువులను నేరుగా నేల మీదికి రానీయకుండా అట్లాంటిక్‌లోని ఫెర్నాండో డి నొరోన్యా దీవిలో క్వారంటైన్‌లో ఉంచి, జబ్బేమీ లేదని తేలాకే దేశంలోకి పంపారు. అప్పుడు వచ్చిన ఆబోతుల్లో పేరు మోసింది ‘కార్వాడి’. ఒంగోలు పక్కనే కరవది ఊరుంది కాబట్టి ఆ పేరు మనకు కొత్తగా అనిపించదు. నేటి నెలోర్ వంశవృక్షాల్లో ఆ పేరు మళ్లీ మళ్లీ తగులుతుంది.

ఈ జాతి అక్కడ అంతగా నిలదొక్కుకోవడానికి కారణం చర్మం. తెల్లటి పొట్టి వెంట్రుక ఎండను తిప్పికొడుతుంది, కింద నల్లటి చర్మం కాపాడుతుంది, వదులుగా వేలాడే తోలు ఒంటి వేడిని బయటికి వదిలేస్తుంది. యూరప్ జాతులను పీల్చి పిప్పిచేసే పిడుదులు దీన్ని అంతగా బాధించవు. చప్పిడి గడ్డి తిని కూడా నెట్టుకొస్తుంది. అయితే బ్రెజిల్ నెలోర్‌నూ మన ఒంగోలునూ ఇప్పుడు ఒకటే అనడం సరికాదు. మనవాళ్లు వంద తరాలు చూసింది కాడి లాగే బలం, బండ లాగే పట్టు, ఇంటికి సరిపడా పాలు. వాళ్లు వందేళ్లు ఎంచింది మాంసం కోసం. వేరు ఒకటే, కొమ్మలు వేరు. చివరికి ఆ మూపురాన్ని కూడా వాళ్లు వదల్లేదు. ‘కుపిం’ పేరుతో అది నిప్పుల మీద నిదానంగా కాల్చుకునే ప్రత్యేకమైన వంటకం. కుపిం అంటే చెదపుట్ట. పోలిక బాగానే ఉంది.

రాంచ్ అంటే మన పశువుల కొట్టం కాదు

మన ఇంట్లో రెండు గేదెలుంటే మేత వాటి దగ్గరికి వస్తుంది. రాంచ్‌లో పశువే మేత దగ్గరికి వెళ్తుంది. తేడా అంతా ఇక్కడే. వందల, వేల ఎకరాలకు కంచె వేసి పశువులను వదిలేస్తారు, గుర్రం మీదో బైకు మీదో తిరిగి చూసుకుంటారు. బ్రెజిల్‌లో దీన్ని ఫజెండా అంటారు, అర్జెంటీనాలో ఎస్టాన్సియా. ఆస్ట్రేలియాలో స్టేషన్. అక్కడి అన్నా క్రీక్ స్టేషన్ ఒక్కటే 15 వేల చదరపు కిలోమీటర్ల పైన ఉంటుంది, మన తెలుగు జిల్లా ఏదైనా అందులో ఇమిడిపోతుంది. అమెరికాలో పద్ధతి రెండు దశలు: దూడప్పుడు గడ్డి మైదానంలో, చివరి నెలల్లో ఫీడ్‌లాట్ అనే కిక్కిరిసిన ఆవరణలో మొక్కజొన్న దాణా మీద. బ్రెజిల్‌లో ఫీడ్‌లాట్లు పెరుగుతున్నా, ఎక్కువ పశువులు బతికినన్నాళ్లూ పచ్చిక మీదే ఉంటాయి. అందుకే అక్కడ పశువుల కథ ఎప్పుడూ నేల కథే అవుతుంది.

ఎంత నేల? బ్రెజిల్‌లో పచ్చిక బయళ్లు సుమారు 16 కోట్ల హెక్టార్లు. పశువులు 2023 లెక్కల్లో 23.8 కోట్లు, మనుషులు 20 కోట్లు. అంటే తలకో పశువు పంచినా ఇంకా 3 కోట్ల పైన మిగిలిపోతాయి.

పటం పరిచి చూస్తే

దక్షిణ అమెరికా పటంలో ముందు పడమటి అంచు చూడండి. పై నుంచి కింది దాకా ఆండీస్ పర్వతాలు ఒకే గోడ. ఆ గోడ ఎత్తుల మీద గాలి పలచన, గడ్డి తక్కువ. అక్కడ లామా, అల్పాకాలదే రాజ్యం. కింద కొసన పటగోనియా పొడి నేల, గొర్రెల సీమ. పశువుల కథంతా గోడకు తూర్పున నడుస్తుంది.

మొదట పంపాలు. అర్జెంటీనా మధ్యభాగం, ఉరుగ్వే మొత్తం, బ్రెజిల్ దక్షిణపు కొస కలిసిన చదునైన పచ్చిక సీమ ఇది. నల్లటి మెత్తటి మట్టి, చల్లటి వాతావరణం, మరీ ఎక్కువా తక్కువా కాని వాన. 16వ శతాబ్దంలో స్పానిష్ వాళ్లు తెచ్చిన పశువులు కొన్ని తప్పించుకుని అడవి మందలయ్యాయి. గౌచో అనే గుర్రపు పశువుల కాపరులు వాటిని పట్టి, తోలు తీసి, మాంసం చాలావరకు అక్కడే వదిలేసేవాళ్లు. తోలుకు యూరప్‌లో గిరాకీ ఉంది, మాంసం మాత్రం అక్కడికి వెళ్లేలోపు కుళ్లిపోతుంది. ఉప్పేసి ఎండబెట్టిన మాంసం బ్రెజిల్, క్యూబా తోటల్లో బానిసలకు తిండిగా వెళ్లేది. ఉరుగ్వేలోని ఫ్రే బెంటోస్ ఫ్యాక్టరీలో మాంసం సారాన్ని గుజ్జుగా చేసి డబ్బాల్లో పంపేవాళ్లు. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు యునెస్కో వారసత్వ స్థలం.

1876లో ‘ఫ్రిగోరిఫీక్’ అనే ఓడ ఫ్రాన్స్‌లోని రూవాన్ నుంచి చల్లబరిచిన గదుల్లో మాంసం వేసుకుని డిసెంబరులో బ్యూనస్ ఐరిస్ చేరింది. మాంసం అంత గొప్పగా ఏమీ లేదంటారు కానీ తినేలా ఉంది, అదే చాలు. మంచుగది ఓడలు వచ్చాక పంపాల్లో ముళ్లకంచెలు లేచాయి, ఇంగ్లండ్ నుంచి హియర్‌ఫర్డ్, ఆంగస్ జాతులు దిగాయి, స్వేచ్ఛగా తిరిగిన గౌచో కూలివాడయ్యాడు. అర్జెంటీనా సంపన్న దేశాల వరసలో చేరింది. అంటే 19వ శతాబ్దం దాటేదాకా ఈ ఖండపు మాంసం వ్యాపారం చల్లటి దక్షిణానిదే. ఆ బ్రిటిష్ పశువులను ఉత్తరాన వేడి నేలల్లో వదిలితే పిడుదులకూ ఎండకూ తట్టుకోలేవు.

ఉత్తరపు కొసన, కొలంబియా, వెనెజులాల్లో ఒరినోకో నది ఒడ్డున ల్యానోస్ అనే మైదానాలున్నాయి. ఆరు నెలలు వరద, ఆరు నెలలు ఎండ. పశువులున్నాయి కానీ పలచగా. పరాగ్వే, అర్జెంటీనా, బొలీవియాల మధ్య చాకో అనే పొడి ముళ్లడవి ఉంది. పంపాల్లో సోయా విస్తరించే కొద్దీ అక్కడి పశువులు ఈ చాకో వైపు జరిగాయి, ఆ అడవీ వేగంగా కరుగుతోంది. అమెజాన్‌కు వచ్చే కెమెరాల్లో పదో వంతు కూడా అక్కడికి వెళ్లవు.

పంటనాల్ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. బ్రెజిల్ పడమటి అంచున లక్షన్నర చదరపు కిలోమీటర్ల చిత్తడి నేల ఇది, ఉష్ణమండలంలో ఇంత పెద్దది మరొకటి లేదు. నేల వాలు ఎంత తక్కువంటే ఎగువన పడ్డ వాన దిగువకు చేరడానికి నెలలు పడుతుంది. నీళ్లు వస్తుంటే మందను మెరక మీదికి తోలుతారు, తీస్తుంటే లేత గడ్డి వెంట దించుతారు. ఇలా రెండు వందల ఏళ్లకు పైగా నడుస్తోంది. దారిలో పిరాన్హా చేపలున్న వాగు దాటాల్సి వస్తే, మందలో ముసలిదాన్నో జబ్బుదాన్నో ఒకదాన్ని కాస్త దిగువన నీళ్లలోకి దింపేవాళ్లట. చేపలు దాని మీద పడ్డప్పుడు మిగతా మంద ఎగువన దాటేస్తుంది. ‘పిరాన్హా ఎద్దు’ అన్న మాట అక్కడి నుంచే పుట్టింది. బ్రెజిల్ రాజకీయాల్లో పెద్దవాళ్లను కాపాడటానికి బలిచ్చిన చిన్న ఆఫీసరును ఇప్పటికీ అలాగే పిలుస్తారు.

ఇక సెరాడో. దేశం నడిబొడ్డున 20 లక్షల చదరపు కిలోమీటర్ల గడ్డి, గిడసబారిన చెట్ల సీమ. చూడ్డానికి ఖాళీగా కనిపిస్తుంది. నేలలో ఆమ్లం, అల్యూమినియం ఎక్కువ, ఏ పంటా సరిగ్గా వచ్చేది కాదు. 1973లో ఏర్పాటైన ఎంబ్రాపా అనే ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్కడే తన పనితనం చూపింది. సున్నపురాయి పొడి టన్నుల కొద్దీ చల్లి నేలను సరిచేశారు. ఆఫ్రికా నుంచి వచ్చిన బ్రాకియారియా గడ్డిలో మంచి రకాలు ఎంచారు. 1984లో విడుదల చేసిన ‘మరాండు’ రకం కోట్ల ఎకరాల్లో పాకింది. దాని మీద వదలడానికి నెలోర్ అప్పటికే సిద్ధంగా ఉంది. భారత్ పశువు, ఆఫ్రికా గడ్డి, సున్నం కలిసిన బ్రెజిల్ మట్టి. ఈ మూడూ కుదిరాక పశువుల మేపుకు ఉత్తరాన హద్దే లేకుండా పోయింది.

అడవిలోకి అడుగు

1970లో బ్రెజిల్ సైనిక ప్రభుత్వం అమెజాన్ మధ్య నుంచి రోడ్డు వేయడం మొదలుపెట్టింది. ‘నేల లేని మనుషులకు మనుషులు లేని నేల’ అన్నది నినాదం. ఆ నేలలో ఆదివాసులు, రబ్బరు పాలు తీసుకుని బతికే కుటుంబాలు ఉన్నారన్న సంగతి నినాదంలో పట్టలేదు. పెద్ద కంపెనీలకు రాంచ్‌లు పెట్టుకోమని పన్ను రాయితీలు ఇచ్చారు. అడవి నరకడాన్ని అప్పట్లో భూమి ‘అభివృద్ధి’గా లెక్కగట్టారు, నరికినవాడికే హక్కు. రబ్బరు కూలీల నాయకుడు చీకో మెండిస్ దీన్ని ఎదిరించి 1988 డిసెంబరులో అక్రి రాష్ట్రంలోని తన ఇంటి దగ్గరే తూటాలకు బలయ్యాడు. చంపింది ఒక రాంచ్ యజమాని కుటుంబం.

అమెజాన్ నేల పైకి పచ్చగా కనిపించినా లోపల సారం తక్కువ. పోషకాలన్నీ చెట్లలోనే ఉంటాయి. నరికి కాలిస్తే బూడిద రెండు మూడేళ్లు గడ్డిని బాగా పెంచుతుంది, తర్వాత నేల చప్పబడుతుంది. మళ్లీ ఎరువు వేసి బాగుచేసుకోవడం కంటే పక్కన ఇంకో ముక్క నరకడం చౌక. ఇదంతా మాంసం కోసమేనా అంటే, సగమే అని చెప్పాలి. మిగతా సగం రియల్ ఎస్టేట్.

ఎలాగంటే, సర్కారీ అడవిలో వెయ్యి హెక్టార్లు ఆక్రమించినవాడు అది తనదే అని ఎలా చూపించుకుంటాడు? మిరప వేస్తే కూలీలు, రోడ్డు, నీళ్లు కావాలి. పశువులైతే చాలా తేలిక. తమంతట తామే నడుస్తాయి, తమంతట తామే పెరుగుతాయి, నలుగురు కాపరులతో వెయ్యి హెక్టార్లు ‘వాడకంలో’ ఉన్నట్టు కనబడుతుంది. కొన్నేళ్లకు ప్రభుత్వం క్షమించి పట్టా ఇస్తే భూమి విలువ అమాంతం పెరుగుతుంది. దీనికి బ్రెజిల్‌లో ‘గ్రిలాజెం’ అని పేరు. గ్రిలో అంటే కీచురాయి. దొంగ దస్తావేజులను కీచురాళ్లతో కలిపి సొరుగులో పడేస్తే, వాటి రెట్టలకూ కొరుకుళ్లకూ కాగితం పచ్చబడి తాతలనాటిదిలా కనిపించేదట. ఆ మాట మన దగ్గర లేకపోయినా పని మాత్రం మనకు తెలియనిది కాదు.

ఈ భూమి వేట ఎక్కడికి చేరిందో ఒక్క పేరు చెబితే చాలు. పారా రాష్ట్రంలోని సావో ఫెలిక్స్ దొ షింగు అనే మున్సిపాలిటీ. పేరుకు మున్సిపాలిటీ, విస్తీర్ణం 84 వేల చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో నాలుగింట మూడొంతులు. జనం 65 వేల మంది. పశువులు 25 లక్షల దాకా. మనిషికి 38. బ్రెజిల్‌లో ఇన్ని పశువులున్న మున్సిపాలిటీ ఇంకోటి లేదు. అక్కడే అపిటెరెవా అనే పరకనా ఆదివాసుల భూమి ఉంది. దాంట్లో చొరబడి పశువులు మేపుతున్నవాళ్లను 2023 చివర్లో ప్రభుత్వం ఖాళీ చేయించింది.

ఒక దూడ ప్రయాణం

కబేళా కంపెనీలను అడిగితే ‘మేం అడవి నరికినవాళ్ల దగ్గర కొనం’ అంటాయి. చాలావరకు అబద్ధం కూడా కాదు. చిక్కు ఎక్కడుందో ఒక ఊహా దూడతో చూద్దాం.

అది షింగు ప్రాంతంలో, మూడేళ్ల కిందట నరికిన అడవి ముక్కలో పుట్టింది. ఎనిమిదో నెలలో తల్లి పాలు మానింది. ఆ రైతు దాన్ని పెంచడు, అమ్మేస్తాడు. రెండో పొలం వాడు ఏడాదిన్నర మేపి ఎముక పెంచుతాడు. మూడో పొలం వాడు కొని కండ పట్టించి కబేళాకు పంపుతాడు. పుట్టించేవాడు, పెంచేవాడు, బలిపించేవాడు ముగ్గురూ వేరు. కబేళా తన సాఫ్ట్‌వేర్‌లో మూడో పొలాన్ని శాటిలైట్ పటంతో సరిచూస్తుంది. అక్కడ ఇరవై ఏళ్లుగా ఒక్క చెట్టూ పడలేదు. టిక్ పడుతుంది. దూడ కడిగిన ముత్యంలా లోపలికి వెళ్లిపోతుంది. నల్లడబ్బును తెల్లగా మార్చినట్టు పశువును తెల్లగా మార్చడమే ఇది.

ప్రతి కదలికకూ కాగితం ఉంటుంది నిజానికి. పశువు ఒక పొలం నుంచి ఇంకో పొలానికి వెళ్లాలంటే ప్రభుత్వం ఇచ్చే రవాణా పత్రం తప్పనిసరి. కానీ అది పెట్టింది గాలికుంటు లాంటి జబ్బుల మీద కన్నేయడానికి. దాంట్లో రాసేది పశువు పేరూ నంబరూ కాదు, ‘ఇన్ని కోడెలు, ఇన్ని పెయ్యలు’ అన్న మంద లెక్క. మూడో పొలంలో వేరే వేరే చోట్ల నుంచి వచ్చినవి కలిసిపోయాక ఏది ఎక్కడిదో ఎవరు చెబుతారు? 2009లో గ్రీన్‌పీస్ అనే పర్యావరణ సంస్థ నివేదిక, ఫెడరల్ ప్రాసిక్యూటర్ల కేసుల ఒత్తిడితో పెద్ద కంపెనీలు ఒప్పందాలు రాసిచ్చాయి. నేరుగా అమ్మే రైతు మీద నిఘా నిజంగానే పెరిగింది. వాడి వెనకున్నవాడు అలాగే ఉన్నాడు.

పశువులు పెరిగితే అడవి తగ్గాలా?

ఇక్కడ అభిప్రాయాలు చీలతాయి. ముందు నాకు బాగా నచ్చిన ఒక లెక్క. బ్రెజిల్ అంతరిక్ష పరిశోధన సంస్థ 1988 నుంచి ఏటా శాటిలైట్‌తో అడవి నష్టాన్ని కొలుస్తోంది. 2004లో అమెజాన్‌లో పోయింది 27,772 చదరపు కిలోమీటర్లు. 2012లో 4,571. ఎనిమిదేళ్లలో 83 శాతం తగ్గింది. అదే ఎనిమిదేళ్లలో దేశంలో పశువులు 20.4 కోట్ల నుంచి 21.1 కోట్లకు పెరిగాయి. అంటే అడవి నరక్కుండా పశువుల సంఖ్య పెరగదన్నది అక్షరసత్యం కాదు. ఆ మధ్యలో జరిగినవి వేరు: శాటిలైట్ అలర్టులతో తనిఖీలు, ఎక్కువ నరికిన మున్సిపాలిటీల బ్లాక్ లిస్టు, కాగితాలు సరిగ్గా లేనివాళ్లకు బ్యాంకు రుణాలు ఆపడం. తర్వాత నిఘా సడలింది, 2021లో నష్టం మళ్లీ 13 వేలు దాటింది. నిఘా బిగించాక 2024లో 6,288కి దిగింది. పశువుల సంఖ్య కంటే ప్రభుత్వం చూపు ఎక్కువ తేడా తెచ్చిందని ఈ అంకెలు చూస్తే అనిపిస్తుంది.

రైతుల వాదన కొట్టిపారేయదగ్గది కాదు. 2012 అటవీ చట్టం ప్రకారం అమెజాన్ అడవిలో 100 హెక్టార్ల సొంత భూమి ఉన్నవాడు 80 హెక్టార్లు అడవిగానే వదిలేయాలి. ‘మీ సొంత పొలంలో నూటికి ఎనభై వంతులు ముట్టుకోవద్దని ఏ యూరప్ దేశమైనా తన రైతుకు చెప్పిందా?’ అని వాళ్ల ప్రశ్న. వాళ్ల అడవులు ఎప్పుడో నరుక్కుని ఇప్పుడు మాకు పాఠాలా అన్న కోపం అందులో ఉంది. చిన్న రైతుకు ఇంకో కష్టం. రోడ్డు బురదైతే పాలు విరిగిపోతాయి, కర్రపెండలం కుళ్లిపోతుంది. దూడ మాత్రం ఆగుతుంది, పిల్లకు జబ్బు చేసిన రోజు అమ్ముకోవచ్చు. మన ఊళ్లో మేకను చూసుకునే తీరే అది.

ఒకే పచ్చికలో ఎక్కువ పశువులను మేపితే సరిపోతుంది కదా అన్నది మూడో వాదన. లెక్క చూద్దాం. 16 కోట్ల హెక్టార్లలో 23.8 కోట్ల పశువులు, హెక్టారుకు ఒకటిన్నర. దాన్ని రెండు చేస్తే 12 కోట్ల హెక్టార్లు చాలు. 4 కోట్ల హెక్టార్లు మిగులు, అంటే ఆంధ్ర, తెలంగాణ రెండూ కలిపినదానికి ఒకటిన్నర రెట్లు. కాగితం మీద అద్భుతం. అయితే హెక్టారుకు రాబడి రెట్టింపైతే రైతు మిగిలిన నేలను అడవికి వదులుతాడా, లాభం బాగుందని ఇంకో ముక్క కొంటాడా? ఆర్థికవేత్తలు రెండు రకాలుగానూ వాదిస్తారు. కాపలా లేని చోట రెండోదే జరుగుతుందని నా అనుమానం.

మాంసం ఎటు పోతోందన్నది కూడా చూడాలి. బయట కొనేవాళ్లలో చైనాది మొదటి స్థానం. కానీ ఉత్పత్తిలో మూడింట రెండు వంతుల దాకా బ్రెజిల్ వాళ్లే తింటారు. అందుకని, అడవి నరికిన నేలలో పెరిగిన పశువు మాంసం వద్దనే యూరప్ చట్టం ఒక్కటే అడవిని కాపాడుతుందన్న ఆశకు పరిమితి ఉంది. పైగా అమెజాన్‌లో బిగిస్తే ఒత్తిడి సెరాడో వైపు జారుతుంది. అక్కడ చాలాచోట్ల చట్టం 20 శాతమే వదలమంటుంది. 2023లో సెరాడోలో పోయిన పచ్చదనం అమెజాన్‌ కంటే ఎక్కువ.

దక్షిణాది రైతుకూ సొంత చిక్కు

అట్లాంటిక్ నుంచి వచ్చే తడిగాలి అమెజాన్ మీద వాన కురుస్తుంది. చెట్లు ఆ నీళ్లను తాగి మళ్లీ ఆవిరిగా గాలిలోకి వదులుతాయి, ఒక్కో మహావృక్షం రోజుకు వందల లీటర్లు. ఆ తేమ పడమటికి సాగి ఆండీస్ గోడకు కొట్టుకుని దక్షిణానికి మళ్లుతుంది. పంటనాల్, సెరాడో దక్షిణ భాగం, పరాగ్వే, సావో పాలో, ఉత్తర అర్జెంటీనాల్లో పడే వానలో దాని వాటా ఉంది. శాస్త్రవేత్తలు వీటిని ‘ఎగిరే నదులు’ అంటారు. ఉత్తరాన అడవి నరికినవాడు దక్షిణాన తన సాటి రైతు పచ్చిక మీద పడే వానను కూడా నరుకుతున్నాడన్నమాట. 2020లో, 2024లో పంటనాల్ ఎండిపోయి తగలబడినప్పుడు ఈ మాట రాంచ్ యజమానుల నోటా వినిపించడం మొదలైంది. ఎంత తేమ ఎక్కడి అడవిది అన్న వాటాల మీద వాదన ఉంది, దారి మీద లేదు.

చెవిపోగు

ఉరుగ్వేలో 35 లక్షల మంది మనుషులు, 1.2 కోట్ల పశువులు. 2001లో గాలికుంటు విరుచుకుపడి ఎగుమతులు ఆగిపోయాక వాళ్లకు బుద్ధొచ్చింది. 2006 నుంచి పుట్టిన ప్రతి దూడకూ, పుట్టిన పొలం దాటకముందే, రెండు చెవులకూ ట్యాగులు పడాలి. ఒకటి కంటితో చదివేది, ఒకటి చిప్ ఉన్నది. ట్యాగులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. ఇప్పుడు అక్కడి మాంసం ముక్క ఏ పొలంలో పుట్టి ఎన్ని పొలాలు తిరిగిందో చెప్పగలరు. జబ్బు కోసం చేసిన పని అడవి లెక్కకూ పనికొచ్చింది.

2020 డిసెంబరు 31 తర్వాత నరికిన నేలలో పెరిగిన పశువు మాంసం తమకొద్దని యూరోపియన్ యూనియన్ 2023లో చట్టం చేసింది. అమలును రెండుసార్లు వాయిదా వేసి 2026 చివరికి నెట్టింది. బ్రెజిల్ కూడా ఒక్కో పశువుకు ఒక్కో నంబరు ఇచ్చే పథకం ప్రకటించింది, గడువు 2032. 23 కోట్ల చెవులు కుట్టాలి మరి. పారా రాష్ట్రం అంతకంటే ముందే చేస్తామని బయల్దేరి, గడువు తనూ వెనక్కి జరుపుకుంది.

ట్యాగు వేస్తున్నప్పుడు రైతు చేతిలో ఒక ప్లాస్టిక్ కటింగ్ ప్లేయర్ లాంటిది ఉంటుంది. దూడను కంచెకు ఆనించి పట్టుకుని, చెవి మధ్యలో టక్కుమని నొక్కుతారు, అర నిమిషం పని. ఉరుగ్వేలో ఆ టక్కుమనే చప్పుడు తల్లి ఆవు పక్కనే వినబడుతుంది. పారాలో పుట్టిన పొలంలో కాకుండా రెండో పొలంలో వినబడితే, పుట్టిన ఊరు అన్న గడిలో రాసేది ఆ రెండో రైతు చెప్పిన పేరే.